రేడియేటర్ ముందు ఒక ఫ్యాను

మా తండాలో ఎద్దుల కొట్టాలు పోయి చాలా ఏండ్లయింది. ఇప్పుడు ఇండ్ల ముందర టార్పాలిన్ కప్పిన పికప్ బండ్లు, ఆటోలు, ఒకటి రెండు లారీలు నిలబడి ఉంటాయి. మేము సుగాలీలం. మా ముత్తాతల కాలంలో మావాళ్లు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊళ్లకు ఊళ్లు దాటి నడిచినవాళ్లు. ఆ బిడారు వ్యాపారాన్ని మా గోర్ భాషలో లదేణి అంటారు. టిప్పు సుల్తాను మీద యుద్ధాలకు పోయిన ఇంగ్లీషు సైన్యాలకు గింజలు మోసింది కూడా మావాళ్లే. వాళ్ల కాగితాల్లో మమ్మల్ని బ్రింజారీలు అని రాసుకున్నారు. రైలు, కంకర రోడ్డు వచ్చాక ఆ బతుకు చెదిరిపోయింది.

ఇప్పుడు మా పిల్లలు మళ్లీ సరుకు మోసే పనికే వచ్చారు. ఎద్దు పోయి ఇంజన్ వచ్చింది, అంతే తేడా. ఎద్దు ఎప్పుడు రొప్పుతుందో, ఎక్కడ నీడన కట్టాలో, ఎన్ని నీళ్లు తాగించాలో తండాలో ప్రతి పిల్లవాడికీ ఇంట్లోనే తెలిసేది. ఇంజన్ ఎందుకు రొప్పుతుందో వీళ్లకు ఎవరు చెబుతున్నారు? పది తప్పిన పిల్లోడు క్లీనరుగా బండెక్కుతాడు, రెండేండ్లకు డ్రైవరవుతాడు. ఆ మధ్యలో నేర్చుకునేదంతా తిట్లతోనూ కాలిన చేతులతోనూ నేర్చుకుంటాడు.

నా తమ్ముడికి ఒక పాత పికప్ ఉంది. ఫైనాన్సులో కొన్నాడు. పులివెందుల దిక్కు నుంచి అరటిగెలలు, చీనీకాయలు, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల దిక్కు నుంచి నాపబండలు, ప్రొద్దుటూరు నుంచి అంగళ్ల సరుకు. బాడుగ ఏది దొరికితే అది. పోయిన ఎండాకాలం బండి కాగడం మొదలుపెట్టింది. ఖాళీగా పోతే ఏమీ లేదు. బండలు వేసుకుని కడప దాటి గువ్వలచెరువు ఘాట్ ఎక్కితే టెంపరేచర్ ముల్లు ఎర్రగీతకు పోతుంది. ఘాట్ సగంలో బండి ఆపి బానెట్ ఎత్తుకుని కూర్చోవడమే. నేను రాయచోటి డైట్‌లో చదివేటప్పుడు బస్సు కిటికీలోంచి ఆ ఘాట్‌లో ఇట్లా ఆవిర్లు కక్కుతూ నిలబడిన లారీలను ఎన్ని చూశానో లెక్క లేదు. గువ్వలచెరువు పాలకోవాకు ఎంత పేరుందో, కాగిన బండ్లకు అంత పేరుంది.

ఒక మధ్యాహ్నం మా తండా పిల్లోడే, తమ్ముడి దగ్గర క్లీనరు, బండి ఆగీ ఆగకముందే గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పాడు. మరిగే నీళ్లు ఎగజిమ్మి మోచేయి దాకా కాలింది. వాడికి పదిహేడేండ్లు. నీళ్లు తక్కువయ్యాయేమో, పోద్దామనే తొందర తప్ప వాడి తప్పేమీ లేదు. ఆ మూత ఉత్త మూత కాదని వాడికి చెప్పినవాళ్లు లేరు.

ఉపాధ్యాయ మిత్రులు ఇక్కడ ఒక నిమిషం ఆగాలి. రేడియేటర్ మూతలో స్ప్రింగు ఉంటుంది. అది లోపలి ఒత్తిడిని మామూలు గాలి ఒత్తిడికి దాదాపు రెట్టింపు దాకా బిగబడుతుంది. ఒత్తిడి పెరిగితే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు, 115 దాటినా నీళ్లుగానే ఉంటాయి. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పడిపోతుంది, ఆ నీళ్లు ఒక్కసారిగా ఆవిరై పైకి లేస్తాయి. అన్నం కుక్కర్ విజిల్ పోకముందు మూత ఎందుకు తీయకూడదో మన ఆడపిల్లలందరికీ తెలుసు. రేడియేటర్ కూడా కుక్కరే అని ఒక్క మాట తరగతిలో చెబితే చాలు, ఎన్నో చేతులు మిగులుతాయి. అరగంటన్నా చల్లారనివ్వాలి. కాలితే ఇరవై నిమిషాలు చన్నీళ్ల ధార కింద పెట్టాలి. సిరా, పేస్టు, పసుపు పూయకూడదు. ఆ పిల్లోడికి రోడ్డు పక్కన ఎవరో పేస్టే పూశారు. దాన్ని కడిగి తీయడానికి ఆస్పత్రిలో వాడు పడిన బాధ కాలినప్పుడు పడినదానికన్నా ఎక్కువ.

తమ్ముడు ఆ వారమే నిర్ణయం చేసుకున్నాడు. ఇంజన్‌కున్న ఫ్యాన్ పీకేసి కరెంటు ఫ్యాన్లు పెట్టించాలని. ఎవరో చెప్పారంట, కాగదు, పైగా డీజిల్ మిగులుతుంది అని. సెలవు రోజు నన్నూ వెంటబెట్టుకుని ప్రొద్దుటూరులో ఒక షెడ్డుకు తీసుకుపోయాడు. కాలిన చేతికి కట్టుతోనే ఆ పిల్లోడూ వచ్చాడు.

మెకానిక్ భాయ్ పెద్దాయన. తమ్ముడు చెప్పిందంతా విని, "బండికి జొరమొస్తే గాలి ఒకటే మందు కాదబ్బీ. జొరం యాడినుంచి వచ్చిందో చూడాల" అన్నాడు. ముందు బెల్టు చూశాడు. మూత రబ్బరు చూశాడు. తర్వాత చల్లారిన రేడియేటర్ విప్పి లోపల గొట్టాలు నాకు చూపించాడు. తెల్లగా పొర కట్టి సగం మూసుకుపోయి ఉన్నాయి.

"మీరు బోరు నీళ్లు పోస్తాండారు కదా సార్?"

బోరు నీళ్లే. ఎక్కడ ఆపితే అక్కడ, ఏ పొలం బోరు కనిపిస్తే అది. మన జమ్మలమడుగు, ఎర్రగుంట్ల నేల కింద ఉండేది నాపరాయి. నాపరాయి అంటే సున్నపురాయి. అందుకే అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. ఆ రాతిలో నుంచి ఊరిన నీళ్లు సున్నాన్ని కరిగించుకుని వస్తాయి. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టేది అదే. ఆ గిన్నెను మన ఆడవాళ్లు చింతపండుతో తోముతారు, రేడియేటర్‌ను తోమేదెవరు? తమ్ముడు మోసే బండా, బండిని కాగించే పొరా ఒకే నేలవి. అది తలచుకుని నాకు ఆ షెడ్డులోనే నవ్వొచ్చింది. తమ్ముడికి రాలేదు.

తర్వాత ఫ్యాన్. ఈ బండ్లలో ఫ్యాన్ ఇంజన్‌తో పాటే తిరుగుతుంది. మధ్యలో ఒక డబ్బాలాంటి క్లచ్చు, దాని లోపల చిక్కటి సిలికాన్ నూనె. రేడియేటర్ మీదుగా వచ్చే గాలి వేడెక్కితే ముందున్న చిన్న స్ప్రింగు కదిలి నూనెను లోపలికి వదులుతుంది, ఫ్యాన్ బిగుసుకుని గట్టిగా తిరుగుతుంది. చల్లబడితే జారుతూ నెమ్మదిగా తిరుగుతుంది. మా బండిలో ఆ నూనె కారిపోయింది. ఇంజన్ ఆపి చేత్తో ఒక్కసారి తిప్పితే ఆటబొంగరంలా తిరుగుతూనే ఉంది. వేడి ఇంజన్ మీద అట్లా తిరిగిందంటే అది పోయినట్టే. తిప్పి చూడడానికి పైసా ఖర్చు లేదు.

బండి రోడ్డు మీద వేగంగా పోతుంటే ముందునుంచి కొట్టే గాలే రేడియేటర్‌కు చాలు. ఘాట్‌లో రెండో గేరులో, బరువుతో, మనిషి నడకకన్నా కొంచెం వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలి ఉండదు, వేడి మాత్రం గరిష్ఠంగా ఉంటుంది. డీజిల్ మండిన వేడిలో సుమారు మూడో వంతే చక్రాలకు పని చేస్తుంది. ఒక వంతు పొగగొట్టంలో పోతుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఈ నీళ్లే మోసుకొచ్చి రేడియేటర్‌లో వదలాలి. ముద్దనూరు రోడ్డులో పోయేటప్పుడు ఆర్టీపీపీ కూలింగ్ టవర్ల మీద లేచే తెల్లటి ఆవిరి పిల్లలు రోజూ చూస్తారు. అక్కడ జరిగేదీ ఇదే. వేడితో పని చేయించుకునే ఏ యంత్రమైనా కొంత వేడిని బయట పారబోయాల్సిందే.

"అయితే రెండు కరెంటు ఫ్యాన్లు పెట్టు, పాతది పీకెయ్" అన్నాడు తమ్ముడు.

భాయ్ ఒప్పుకోలేదు. "కారైతే పీకుతా. బండలేసుకుని ఘాటెక్కే బండికి పీకను. పాత ఫ్యాన్‌కు క్లచ్చు మార్చుకో. కరెంటుది ఒకటి ముందర పెడతా, తోడుగా." ఆయన అంచనా చేతుల్లోంచి వచ్చింది. నేను కాగితం మీద వేసి చూసుకున్నాను. ఆయన చూపించిన ఫ్యాన్ 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు లాగుతుంది. 12ను 10తో గుణిస్తే 120 వాట్లు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. అంటే రెండు ఫ్యాన్లు పెట్టినా మూడో వంతు హార్స్‌పవర్‌కు మించదు. ఇంజన్ తన ఫ్యాన్‌ను తిప్పడానికి పెట్టే బలం దీనికి ఎన్నో రెట్లు. కరెంటు ఫ్యాన్‌కున్న సుగుణం వేరే. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నా, రైల్వే గేటు దగ్గర ఆగినా, అది తన వేగంతోనే తిరుగుతుంది. పాతదానికి ఆ గుణం లేదు. దేనికది సరిపోయేచోట పెట్టాలి.

పని రెండు రోజులు పట్టింది. మొదటి రోజు రేడియేటర్ కడగడం, క్లచ్చు మార్చడం. రెండో రోజు ఫ్యాన్. కొందరు ప్లాస్టిక్ పట్టీలను రేడియేటర్ రేకుల్లోంచి దూర్చి ఫ్యాన్‌ను కట్టేస్తారు. గుంతల రోడ్డులో అది ఊగి ఊగి గొట్టానికి చిల్లు పెడుతుంది. భాయ్ ఇనుప పట్టీలు కోసి ఫ్రేముకే బిగించాడు, రేకులకు తగలకుండా వేలు దూరేంత సందు ఉంచి.

వైరింగు దగ్గర నాకు పండగైంది. ఫ్యాన్‌కు పోయే కరెంటును చిన్న స్విచ్చు మీదుగా పంపితే స్విచ్చు కాలిపోతుంది. అందుకని మధ్యలో రిలే. దాని కాళ్ల మీద 30, 87, 85, 86 అని అంకెలుంటాయి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావు వైరు 30కి వస్తుంది, 87 నుంచి ఫ్యాన్‌కు పోతుంది. 85, 86 లోపలి చుట్టవి. ఆ చుట్టలో ఆంపియర్‌లో ఐదో వంతు పారినా చాలు, అది అయస్కాంతమై పెద్ద దారిని మూస్తుంది. చెరువు తూము దగ్గర నీరటికాడు మనిషొక్కడే, వాడి చెయ్యి తిరిగితే కాలువ నిండా నీళ్లు పారతాయి. రిలే ఆ నీరటికాడు. వాడికి ఆజ్ఞ ఇచ్చేది నీళ్లలో కూర్చున్న వేడి స్విచ్చు. అది సుమారు 95 డిగ్రీల దగ్గర కలుస్తుంది, 87 దగ్గర విడిపోతుంది. రెండూ ఒకే అంకె అయితే ఫ్యాన్ నిమిషానికి పదిసార్లు ఆగి పడుతుంది.

అన్నీ కలిపి ఫ్యాన్ తిప్పారు. గుయ్యిమని తిరిగింది. తమ్ముడు బాడుగకు ఫోను తీశాడు. కట్టున్న చేత్తో ఆ పిల్లోడు ఒక న్యూస్‌పేపర్ ముక్క తీసుకుని జాలీ ముందర పెట్టాడు. ముక్క జాలీకి అతుక్కోవాలి. అది ఎగిరి వాడి మొహానికి కొట్టింది.

"సార్, గాలి బయటికొస్తాంది."

ఎలక్ట్రీషియన్ వైర్లు తారుమారు చేశాడు. డీసీ మోటారుకు ప్లస్సూ మైనస్సూ మారితే అది వెనక్కు తిరుగుతుంది. అట్లాగే వదిలేసుంటే ముందరి ఫ్యాన్ గాలిని బయటికి తోస్తూ, వెనకది లోపలికి లాగుతూ, మధ్యలో గాలి నిలబడిపోయేది. ఫ్యాన్ లేనప్పటికన్నా అధ్వానం. రెండు వైర్లు మార్చారు, కాగితం జాలీకి ఠపీమని అతుక్కుంది. భాయ్ ఆ పిల్లోడి వైపు చూసి, "ఎవరు చెప్పినార్రా నీకు?" అన్నాడు. "ఆరో తరగతిలో సార్ బొమ్మ మోటారుకు సెల్లు తిప్పిపెట్టి చూపించినాడు" అన్నాడు వాడు. బొమ్మ మోటారు, సెల్లు, కాగితం ఫ్యాను. ఇంత సామాను ఏ బడిలోనైనా దొరుకుతుంది. రెండు గ్లాసుల వేడినీళ్లు పెట్టి ఒకదానికి విసనకర్రతో విసిరి, ఐదు నిమిషాలకొకసారి థర్మామీటరు చూపిస్తే రేడియేటర్ పాఠం కూడా అయిపోతుంది.

బండి ఆ తర్వాత బండలతో గువ్వలచెరువు ఘాట్ ఎక్కింది. ముల్లు సగం దాటి కొంచెం పోయి అక్కడే ఆగింది. ఇప్పుడు తమ్ముడు బోరు నీళ్లు పోయడం లేదు. కూలెంటు, శుద్ధి చేసిన నీళ్లు సగం సగం కలిపి క్యాన్లో పెట్టుకుంటున్నాడు. ఫ్యాను చేసిన మేలెంత, కడిగిన రేడియేటర్ చేసిన మేలెంత అని అడిగితే, కడగడందే పెద్ద వాటా అని నేనంటాను. తమ్ముడు ఊర్లో అందరికీ ఫ్యానునే చూపిస్తాడు. కంటికి కనిపించేది అదే కదా.

ఆ చూపించడం వల్ల ఇంకో తంటా వచ్చింది. మా మామ వరుసాయనకు పది టైర్ల లారీ ఉంది. దాని ఫ్యాన్ పీకి కరెంటువి పెట్టించుకుంటానని, డీజిల్ మిగులుతుందని, భాయ్‌తో మాట్లాడమని నన్ను పట్టుకున్నాడు. ఆ క్లీనర్ పిల్లోడు పక్కనే ఉన్నాడు. నేను వాడి చేతికే కాగితమిచ్చాను. లారీ ఫ్యాన్ గట్టిగా తిరిగేటప్పుడు పది హార్స్‌పవర్ లాగుతుందనుకో. పదిని 746తో గుణిస్తే 7460 వాట్లు. లారీ బ్యాటరీ 24 వోల్టులు. భాగించు.

వాడు రెండుసార్లు చేశాడు. 311 ఆంపియర్లు వచ్చింది.

"మామా, అంత కరెంటిచ్చే ఆల్టర్నేటర్ నీ లారీకి లేదు" అన్నాడు.

మామ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మాకు లెక్కలు చెప్పేటోళ్లయినారే అని గొణుక్కుంటూ పోయాడు. ఫ్యాన్ అయితే ఇంకా పీకించలేదు.