ఒక గోలీ, మూడు దుమ్ములు

మా చుట్టాలు ఎక్కువగా మూడు చోట్ల ఉంటరు. జనగామలో మామ పత్తి జిన్నింగ్ మిల్లులో పని చేస్తడు. మహబూబాబాద్ దగ్గర అమ్మమ్మ వాళ్లది మిర్చి సాగు. భూపాలపల్లిలో పెద్దనాన్న బొగ్గు గనిలో చేసి రిటైర్ అయ్యాడు. మూడిండ్లల్లోనూ దగ్గుంది. మూడిండ్లల్లోనూ దానికి ఒకటే గోలీ, సెట్రిజిన్.

అది అసలు ఏం చేస్తదో మన సీఎస్‌ఈ భాషలో చెప్తా. ఊపిరితిత్తుల్లో మాస్ట్ కణాలుంటాయి. పడనిది తగిలితే అవి హిస్టమిన్ అనే మెసేజ్ వదులుతాయి. హెచ్1 రిసెప్టర్ దాన్ని అందుకోగానే శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. సెట్రిజిన్ ముందే వెళ్లి ఆ సీట్లో కూర్చుంటుంది. అంటే మెసేజ్ పోవడం కాదు, అందడం ఆగుతుంది.

మరి విడుదలనే ఆపలేమా? 1980లో బ్రిటన్‌లో మనిషి ఊపిరితిత్తుల ముక్కల మీద ఇదే పరీక్షించారు. తక్కువ మోతాదులో కొన్ని యాంటీహిస్టమిన్లు హిస్టమిన్ విడుదలను తగ్గించాయి. మోతాదు బాగా పెంచితే అవే విడుదల చేయించాయి! అయితే అది ల్యాబ్ సంగతి. మనం వేసుకునే గోలీతో ఒంట్లో మందు అంత చిక్కగా చేరదు. పైగా ఆస్తమాలో ల్యూకోట్రీన్ల లాంటి వేరే మెసేజ్‌లూ ఉంటాయి. వాటిని ఈ గోలీ ముట్టుకోదు. అందుకే డాక్టర్లు ఇన్‌హేలర్ రాస్తారు.

ఇక మా మూడు దుమ్ములు. పత్తి దుమ్ము అలర్జీ లేనివాళ్ల ఊపిరితిత్తుల్లో కూడా హిస్టమిన్ విడుదల చేయించగలదు. సెలవు తర్వాత పనికి పోయిన మొదటి రోజే ఛాతీ పట్టేయడం బిస్సినోసిస్ గుర్తు. మిర్చి ఘాటు కథ వేరు. అందులోని క్యాప్సైసిన్ నేరుగా నరాలనే తాకి దగ్గు తెప్పిస్తుంది. బొగ్గు దుమ్మయితే ఏళ్ల తరబడి లోపల పేరుకుపోయి మచ్చలు చేస్తుంది. ఆ మచ్చలకు సెట్రిజిన్ చేసేదేమీ లేదు.

మామకు సోమవారమే ఆయాసం ఎక్కువ. "డాక్టర్ దగ్గర దగ్గొక్కటే కాదు, పత్తి దుమ్ము సంగతి కూడా చెప్పు మామా" అన్నా.

"చెప్తే మిల్లుకు పోవద్దంటడు. అప్పుడు కూలెవరిస్తరు అల్లుడా?" అన్నడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ వచ్చే సోమవారం నేనే వెంట పోతున్నా. మీ ఇండ్లల్లో కూడా అడగండి: దగ్గు ఏ రోజు ఎక్కువైతుంది, ఏ దుమ్ములో?