సొరుగుల మీద పూలతోట

దూరం నుంచి చూస్తే ఎవరో కుంచెతో పూలు గీశారనిపిస్తుంది. దగ్గరికెళితే అన్నీ చెక్కముక్కలే! పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి సొరుగుల బీరువాల సొగసు అది. రంగురంగుల కలపను పలుచటి రేకులుగా కోసి, పూలూ ఆకులుగా కత్తిరించి అతికించే ఈ పనిని మార్కెట్రీ అంటారు. పూరేకు మీద నీడ పడినట్టు కనిపించడానికి ముక్క అంచును వేడి ఇసుకలో కమిలేలా కాలుస్తారు.

ఫ్రెంచివాళ్ల పూలమోజులో మన కృష్ణాతీరానికీ వాటా ఉంది. గన్నవరం విమానాశ్రయంలో దిగి సముద్రం వైపు వెళితే బందరు. 1669లో వాళ్లు వర్తక స్థావరం పెట్టిందక్కడే. ఫ్రెంచిపేట అన్న పేరు ఇప్పటికీ ఉంది. మనదేశపు పూలబట్టలకు ఫ్రాన్సులో ఎంత గిరాకీ అంటే, సొంత నేతగాళ్లను కాపాడుకోవడానికి 1686లో ఏకంగా నిషేధం పెట్టారు!

చెక్క మీద పూలు పూయించడంలో మనవాళ్లూ తక్కువేం తినలేదు. అదే పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖ పనివాళ్లు ఏనుగుదంతంతో పూలతీగలు పొదిగారు. దంతం వ్యాపారమే నేరమైన ఈ రోజుల్లో ఆ పని లేదు. చిత్రమేమిటంటే, వాళ్ల పనితనం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కొలువుదీరింది. ఫ్రెంచి రాజుల కాలపు సామానేమో హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికి చేరింది.

ఇక చెక్కలో పూసే పూలు చూడాలంటే బందరు పక్కనే పెడన ఉంది. అక్కడ టేకు అచ్చుల్లోంచి కలంకారీ పూలు నేటికీ బట్ట మీదికి దిగుతూనే ఉన్నాయి.