హాస్యసంజీవని నుంచి మన గోడపత్రిక దాకా

ఎం.ఏ. చరిత్ర చదువుతున్నానంటే మా నాయిన ఒక్కటే అడుగుతాడు: "పాత కాగితాలు చదివితే నౌకరొస్తదా బిడ్డా?" మొయినాబాద్ దిక్కు గులాబీ తోటల్లో కూలికి పోయే మనిషి అట్లా అడగడం న్యాయమే. మా ఇంట్లో డిగ్రీ పాసైంది నేనే మొదలు, చూపించడానికి ఇంకో ఉదాహరణ లేదు. అయినా ఈ సంచికకు ఆ పాత కాగితాల గురించే రాస్తున్నాను.

కందుకూరి వీరేశలింగం గారిని మనం పరీక్ష కోసం 'వితంతు వివాహాలు' అని బట్టీ పట్టాం. 1874లో వివేకవర్ధని పెట్టిన ఆయన, 1876లో హాస్యసంజీవని అనే నవ్వుల పత్రిక కూడా మొదలుపెట్టారని ఏ గైడులోనూ చదివిన గుర్తు లేదు. పసిపిల్లను కట్టుకోబోయే ముసలి పెళ్లికొడుకును బ్రహ్మవివాహంలో నలుగురిలో నవ్వులపాలు చేసిందీ ఆయనే. ఉపన్యాసం కన్నా అదే గట్టి దెబ్బ అని నా అభిప్రాయం.

1905 విప్లవకాలంలో రష్యాలో ఇలాంటి వ్యంగ్య పత్రికలు వందల్లో పుట్టాయి. ఒకదాని పేరు 'పులెమ్యోత్', అంటే మరతుపాకి. హక్కులిస్తానని జారు చక్రవర్తి చేసిన ప్రకటననే అచ్చువేసి, దాని మీద నెత్తుటి చేతి ముద్ర వేశారు. సంపాదకుడు జైలుకు పోయాడు. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వంటివి ఆనాటి పత్రికలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టాయి. చేవెళ్ల బస్టాండులో బస్సు కోసం కూర్చుని ఫోనులోనే ఆ బొమ్మ చూశాను. రష్యన్ ఒక్క అక్షరం రాదు, చెయ్యి మాత్రం అర్థమైంది.

మన ప్రెస్ అకాడమీ కూడా ఆంధ్రపత్రిక, భారతి వంటివి స్కాన్ చేయించింది. తొలి తెలుగు కార్టూనిస్టు తలిశెట్టి రామారావు బొమ్మలు అచ్చయింది వాటిలోనే. మరి 1931లో భాగ్యరెడ్డి వర్మ గారు హైదరాబాద్‌లో నడిపిన భాగ్యనగర్ పత్రిక? నేనింకా ఒక్క సంచికా కళ్లతో చూడలేదు. నా ప్రాజెక్టుకు అదే కావాలి. ఎవరింట్లో అటక మీద ఒక్క పేజీ ఉన్నా చెప్పండి, వచ్చి ఫోటో తీసుకుంటాను.

అంత దూరం ఎందుకు, మన గోడపత్రికలో ఇంటర్ అన్న ఒకరు వేసిన బొమ్మ గుర్తుందా? పప్పుచారు గిన్నెలో గాలం వేసి, పప్పు ఎప్పుడు తగులుతుందా అని కూర్చున్న పిల్లగాడు! వార్డెన్ సారే ముందు నవ్వారు. వారం రోజులు పప్పు చిక్కగా వచ్చింది. తర్వాత గోడలకు సున్నం వేసేటప్పుడు ఆ కాగితాలన్నీ పోయాయి. అన్నా, ఇది చదివితే ఆ బొమ్మ ఇంకోసారి గీసి పంపు. కింద పేరు, తేదీ వెయ్యి.