‘నాటకమండీ’ అన్న ఒక్క మాట



గత వారం పద్మనాభంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఒక పెద్దాయనకు రక్తపోటు చూస్తున్నాను. ఆయన విశ్రాంత జైలు వార్డరు. చాలా ఏళ్ళ క్రితం మేమిద్దరమూ ఒకే జైలులో పనిచేశాము. ఆ జైలు పేరు ఇక్కడ అవసరం లేదు. ఆనాటి తప్పులో నా వంతు ఎంతో మాత్రం చెప్పవలసి ఉంది.

ఒక రాత్రి ఆయన జైలు ఆసుపత్రి గుమ్మంలో నిలబడి, “బ్యారక్‌లో ఒక రిమాండ్ కుర్రాడు కడుపునొప్పంటన్నాడండి. నాటకమండీ, రేపు వాయిదా ఉంది” అన్నారు. అప్పటికే లాకప్ అయిపోయింది. తలుపు తెరవాలంటే పై అధికారిని నిద్ర లేపాలి. నేను రెండు మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చి పంపాను. రోగిని చూడలేదు, పొట్ట మీద చెయ్యి వేయలేదు. తెల్లవారేసరికి అపెండిక్స్ పగిలి చీము కడుపంతా వ్యాపించింది. పెద్దాసుపత్రికి తరలించి శస్త్రచికిత్స చేశారు. ఆ కుర్రవాడు బ్రతికాడు. కాని, ఆరు వారాల పాటు మంచం మీద ఉన్నాడు.

ఆ సంగతి మా మధ్య ఎన్నడూ ప్రస్తావనకు రాలేదు. మొన్న ఆయనే ఎత్తారు. “ఆ మాట నాది కాదు డాక్టరు బాబూ. కొలువులో చేరిన మొదటి వారమే మా పెద్ద వార్డరు నేర్పీసినాడు. ఖైదీ మాట నమ్మీసినోడి ఉద్యోగం ఉండదన్నాడు.”

ఆయనకు ఆ మాట ఎవరో నేర్పారు. వైద్య కళాశాలలో నాకు నేర్పినది మాత్రం అందుకు పూర్తిగా విరుద్ధం. అయినా నేను నమ్మాను. ఎందుకంటే అది నాకు సులువు.

మీరొక విషయం ఆలోచించండి. మనకు నొప్పి వస్తే మనమే వైద్యుని దగ్గరకు నడిచి వెళతాము. జైలులో ఆ నొప్పి మొదట కాపలాదారు మనసును దాటాలి. అంటే రోగాన్ని మొట్టమొదట నిర్ణయించేది వైద్యుడు కాదు, వార్డరు. అందుచేత ఖైదీకీ కాపలాదారుకూ మధ్య గల సంబంధం కేవలం క్రమశిక్షణకు చెందిన విషయం కాదు, వైద్య విషయం కూడా.

ఈ సంబంధం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది 1971లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ జింబార్డో జరిపిన ప్రయోగాన్ని ఉదాహరిస్తారు. విద్యార్థులలో కొందరిని ఖైదీలుగా, కొందరిని కాపలాదారులుగా నియమించారు. రెండు వారాలు జరగవలసిన ప్రయోగాన్ని, క్రూరత్వం పెరిగిపోవడంతో, ఆరు రోజులకే ఆపివేశారు. అధికారం ఇస్తే ఎవడైనా క్రూరుడవుతాడని చాలాకాలం దానినుండి పాఠం తీశారు. కాని, కఠినంగా ఉండమని కాపలాదారులను ముందే ప్రోత్సహించినట్లు తరువాత బయటపడింది. నా అనుభవానికి ఈ రెండవ సంగతే దగ్గరగా ఉంది. కటువుదనం తాళపుచెవితో పాటు రాదు. పైవారు నేర్పితే వస్తుంది. నేర్పగలిగినదానిని మాన్పించనూవచ్చు.

మన చట్టాలు ఈ విషయంలో మౌనంగా లేవు. 1894 నాటి కారాగారాల చట్టం 37వ సెక్షన్ ప్రకారం, ఖైదీ వైద్యుని చూడాలని కోరినా, అస్వస్థుడుగా కనిపించినా, కాపలా ఉద్యోగి ఆలస్యం లేకుండా జైలరుకు తెలియజేయాలి. అది నాటకమా కాదా అని తేల్చే అధికారం అతనికి లేదు. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు, వైద్య నిర్ణయాలను వైద్యసిబ్బందే తీసుకోవాలనీ, ఇతర ఉద్యోగులు వాటిని తోసిపుచ్చరాదనీ చెబుతున్నాయి. తీహార్ జైలులో ఒక వార్డరు తోటి ఖైదీని హింసించాడని సునీల్ బాత్రా అనే ఖైదీ రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషనుగా స్వీకరించి, జైలు గోడల లోపల కూడా ప్రాథమిక హక్కులు ఉంటాయని 1979లో తీర్పు చెప్పింది.

ఇక రెండవ వైపు చూద్దాం. విశాఖలో అడవివరం దగ్గరి కేంద్ర కారాగారం గోడను బస్సులో నుండి చూసినవారు మీలో చాలామంది ఉంటారు. ఏ జైలు గోడ అయినా ఖైదీలతో పాటు ఉద్యోగులను కూడా లోపలే ఉంచుతుంది. ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా ఉద్యోగి ఉండాలని 2016 నాటి ఆదర్శ జైళ్ళ నియమావళి చెబుతున్నది. ఆ సంఖ్య లేనిచోట ఒకే మనిషి మీద రాత్రి కాపలా పదేపదే పడుతుంది. నిద్ర చెడితే రక్తపోటు, మధుమేహం, కోపం మూడూ పెరుగుతాయి. ఇరుకు గదులలో క్షయ సులువుగా వ్యాపిస్తుంది. బ్యారక్‌లో దగ్గిన దగ్గును వార్డరు కూడా పీల్చుకుని ఇంటికి తీసుకువెళతాడు. క్షయ క్రిమికి యూనిఫారం తెలియదు.

మీ బంధువులలో ఎవరైనా జైలులో ఉంటే, వారి పాత జబ్బులు, వాడే మందుల వివరాలు, చీటీల నకళ్ళు జైలు వైద్యునికి అందేలా చూడండి. వైద్యం అందకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించండి. నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయసహాయం 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు. 15100కు ఫోన్ చేయవచ్చు. మీ ఇంటివారు జైలు ఉద్యోగి అయితే ఏడాదికి ఒకసారైనా రక్తపోటు, చక్కెర పరీక్ష చేయించండి. రెండు వారాలు దాటిన దగ్గును ఉపేక్షించకండి. మనసు బరువెక్కితే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఫోన్ చేయడం పిరికితనం కాదు.

మా పెద్దాయన రక్తపోటు ఆ రోజు 170/100. రెండు నెలలుగా మందు మానేశారట. “ఏమీ లేదులే, వయసు బాధలే” అని పంపివేయడం నాకు సులువే. కాని కుర్చీ దగ్గరకు జరుపుకుని, మొదటినుండి చెప్పమన్నాను. ఆయన చెప్పినంతసేపూ విన్నాను. ఆ రాత్రి బ్యారక్ దగ్గర చేయవలసి ఉండినది కూడా ఇంతే.