బతికున్నవాళ్ల జీతం

దుబాయ్, 2025 అక్టోబర్ నెలాఖరు

అక్కా,

సెలవు దొరికింది. అయితే ఈసారి నేరుగా శంషాబాద్‌లో దిగను. రియాద్, దమ్మామ్, బహ్రెయిన్ చూసుకుంటూ కువైట్ దాకా బస్సుల్లో పోయి, అక్కడ విమానం ఎక్కుతాను. మనవాళ్లు బతుకుతున్న చోట్లన్నీ కళ్లారా చూడాలని ఎప్పటి నుంచో కోరిక. ఎక్కడ ఆగితే అక్కడి నుంచి రాస్తాను. ఫోన్లో అయితే పిల్లల చదువులు, అవ్వ మోకాళ్ల నొప్పులతోనే సరిపోతుంది. కాగితం మీదైతే కుదురుగా చెప్పగలను. బావకు కూడా చదివి వినిపించు.

మొన్న నువ్వు పేపర్లో చదివి చెప్పిన మాట మనసులో మెదులుతూనే ఉంది. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు మన రాష్ట్ర ప్రభుత్వం ఐదేసి లక్షలు ఇస్తోందన్నావు. మంచి పని. ఏళ్ల తరబడి అడిగితే వచ్చింది. పెట్టె ఇంటికి చేరిన మర్నాడే అప్పులవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సిన ఆడమనిషికి ఆ డబ్బు ఎంత ఆసరానో మన వాడలోనే చూశాం. కానీ అక్కా, మన పేపర్లలోనూ మన ఊరి మాటల్లోనూ గల్ఫ్ మనిషి చచ్చిపోయాకే కనిపిస్తున్నాడు. వాడి జీతం నెలల తరబడి ఆగిపోతే పట్టించుకునేవాడు లేడు. నా బాధంతా అదే.

నిన్న జెబెల్ అలీ క్యాంపుకు పోయి పెద్దబాపు మనుమణ్ని చూసొచ్చాను. మంచం కింది సూట్‌కేసులోంచి ఆఫర్ లెటర్ తీసి చూపించాడు. ఏజెంటు ఊళ్లో చెప్పిన జీతం 1,200 దిర్హమ్‌లు. కాగితం మీద కూడా మొత్తం అంతే ఉంది. కాకపోతే బేసిక్, అంటే మూల వేతనం 600, తక్కిన 600 అలవెన్సులు. "మొత్తం చేతికొస్తుంది కద కాకా, ఎట్ల రాస్తే ఏంది?" అన్నాడు. కూర్చోబెట్టి లెక్క చెప్పాను. ఇక్కడి చట్టంలో గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం. అది బేసిక్ మీదే కడతారు. ఓవర్‌టైమ్ కూడా బేసిక్ మీదే. 2023లో వచ్చిన నిరుద్యోగ బీమాకు వాడు నెలకు 5 దిర్హమ్‌లు కడుతున్నాడు. ఉద్యోగం పోతే మూడు నెలల వరకు బేసిక్‌లో 60 శాతం ఇస్తారు. అంటే వాడికి నెలకు 360. బేసిక్ అనే ఒక్క గడిలో వేసిన అంకె వాడి పదేళ్ల కష్టాన్ని సగానికి కోసేస్తుంది.

సంతకం పెట్టేముందు ఇది చదివి చెప్పేవాళ్లు వాడికి లేరు. ఇక్కడ ఆఫర్ లెటర్‌ను అరబ్బీ, ఇంగ్లిష్‌తోపాటు పనివాడికి అర్థమయ్యే మరో భాషలో ఇవ్వాలి. ఇక్కడి కార్మిక శాఖ పెట్టుకున్న భాషల పట్టికలో హిందీ, ఉర్దూ, బెంగాలీ, నేపాలీ, సింహళం, మలయాళం, తమిళం ఉన్నాయి. తెలుగు లేదు. ఇక్కడ ఇన్ని లక్షలమందిమి ఉన్నాం. ప్రతి ఎన్నికల్లో గల్ఫ్ కార్మికుల మాట ఎత్తే మన రెండు రాష్ట్రాల నాయకులూ కలిసి ఢిల్లీ ద్వారా ఒక్క విన్నపం పెడితే అయ్యే పని ఇది. పైసా ఖర్చు లేదు. ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

వీడి దగ్గర ఏజెంటు ఎంత తీసుకున్నాడో తెలుసా? 90 వేలు. మన దేశపు నిబంధనల ప్రకారం ఏజెంటు తీసుకోవాల్సింది 30 వేలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి ఒక్క రూపాయి అడిగినా నేరమే.

*

రియాద్, శుక్రవారం రాత్రి

అక్కా,

సరిహద్దు దాటి రాత్రంతా బస్సులోనే. తెల్లారితే ఇసుక, ఒకటీ అరా పెట్రోల్ బంకులు. సాయంత్రానికి బతా బజారుకు చేరాను. శుక్రవారం కదా, సందుసందునా మనవాళ్లే. మొబైల్ షాపుల ముందు, డబ్బులు పంపే కౌంటర్ల ముందు తెలుగు, బెంగాలీ, నేపాలీ అన్నీ కలిసిపోయి వినిపిస్తాయి. నిజామాబాద్ యాస చెవిన పడగానే ప్రాణం లేచొచ్చింది.

ఎవరి ఫోన్లో చూసినా ఒకటే వార్త: సౌదీలో కఫాలా, అంటే పనివాణ్ని యజమానికి కట్టిపడేసే పద్ధతి, రద్దయిందట. ఊళ్లో మీకూ వచ్చే ఉంటుంది. చూసి సంబరపడొద్దు. నిజం ఎంతవరకో చెబుతాను. 2021 మార్చి నుంచి ఇక్కడ కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఒప్పందం ఏడాది పూర్తయితే యజమానిని అడక్కుండానే వేరే కంపెనీకి మారొచ్చు. ఊరికి పోయి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ కూడా తామే ఫోన్లో తీసుకోవచ్చు. అది నిజమైన మార్పే. దాంతో బాగుపడ్డ పిల్లలను ఇద్దరు ముగ్గురిని ఈరోజే కలిశాను. కానీ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను, సొంత కార్ల డ్రైవర్లను, తోటమాలులను, ఎడారిలో గొర్లు, ఒంటెలు కాసేవాళ్లను ఆ సంస్కరణలోంచి పక్కన పెట్టారు. అందరికంటే ఒంటరిగా, అందరికంటే దూరంగా ఉన్నవాళ్లు వీళ్లే. చట్టం ముందుగా చేరాల్సింది వీళ్ల దగ్గరికే.

కామారెడ్డి దిక్కు మనిషి ఒకాయన చాయ్ హోటల్లో పరిచయమయ్యాడు. నలభై అయిదు ఉంటాయేమో, పాదాలు పగిలి నెర్రెలిచ్చి ఉన్నాయి. డ్రైవర్ పని అని ఏజెంటు పంపితే ఊరికి చాలా దూరంలో గొర్ల దగ్గర దించారట. బండిలో నీళ్లు తెస్తే తాగడం, లేకపోతే గొర్లకు ఉంచినవే. జీతం అడిగినప్పుడల్లా వచ్చే నెల అన్నారు. ఆగలేక నడుచుకుంటూ రోడ్డెక్కి, ఎవరో లారీ ఆపితే బతాకు చేరాడు. మర్నాడే కఫీల్, అంటే యజమాని, ఆయన మీద హురూబ్ పెట్టాడు. పారిపోయాడని రాయించడమన్నమాట. జీతం ఎగ్గొట్టినవాడి మీద కేసు లేదు గానీ ఈయన నేరస్థుడయ్యాడు.

అంగీ లోపలి నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. గడువు తీరిన అఖామా (నివాస కార్డు), పాస్‌పోర్టు జిరాక్సు, ఎంబసీ వాళ్లు ఇచ్చిన చీటీ. మడతలు పడి చీటీ మీద అక్షరాలు చెరిగిపోతుంటే పైన టేపు అంటించుకున్నాడు. ఒక్కొక్కటి టేబుల్ మీద పరిచి, చాయ్ ఒలకకుండా గ్లాసు దూరంగా జరిపి, వేలు పెట్టి చూపించాడు. చివరికి ఒక మాటన్నాడు: "నేను సస్తే మా ఇంటిదానికి అయిదు లచ్చలొస్తయట అన్నా. బతికుంటే నాకు రావాల్సిన పదకొండు నెలల జీతం ఎవరిప్పిస్తరు?"

నా దగ్గర సమాధానం లేకపోయింది. ఔట్‌పాస్, అంటే దేశం వదిలి పోయే కాగితం, తీసుకుని ఊరికి పోవచ్చు. కానీ పోయినవాడి తరఫున ఇక్కడ కోర్టులో నిలబడేవాళ్లు ఉండరు. కరోనాప్పుడు 2020లో జరిగింది అదే. వందే భారత్ విమానాల్లో మనవాళ్లను తీసుకుపోయారు, ప్రాణాలు దక్కాయి, అది గొప్ప విషయమే. కానీ వాళ్లకు కంపెనీలు బాకీపడ్డ జీతాలు, గ్రాట్యుటీలు ఎడారిలోనే మిగిలిపోయాయి. విమానం ఎక్కేముందు ఎంత బాకీ ఉందో ఒక కాగితం మీద రాయించుకుని, సంతకం పెట్టించుకుని, ఎంబసీకి వకాలతు ఇచ్చే ఏర్పాటు ఉంటే అందులో కొంతైనా వచ్చేది. ఇప్పటికైనా అలాంటిది ఒకటి పెట్టాలి. హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి నడుస్తోంది కదా. కామారెడ్డిలో ఈయన భార్యను అక్కడికి పంపి అర్జీ పెట్టించమని నీకు నంబరు పంపుతున్నాను. తోడుగా నువ్వు వెళ్లు. ఆమెకు ఆ పట్నం దారి తెలియదట.

*

మనామా

అక్కా,

దమ్మామ్‌లో తమ్ముడింట్లో రెండు పూటలు తిని, సముద్రం మీది వంతెన దాటి బహ్రెయిన్ వచ్చాను. పొడవు 25 కిలోమీటర్లు, 1986లో తెరిచారు. రెండు వైపులా నీలం నీళ్లు. చూడాల్సిన దారి.

ఇక్కడి సంగతి పెద్దగా లేదు గానీ బస్సులో కూర్చుని ఒక లెక్క వేసుకున్నాను. ఎండాకాలం మధ్యాహ్నాలు బయట పని చేయించకూడదని గల్ఫ్ దేశాలన్నిటా నిబంధన ఉంది. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు. ఖతర్‌లో 10 నుంచి మూడున్నర వరకు. సౌదీలో 12 నుంచి 3. దుబాయ్‌లో పన్నెండున్నర నుంచి 3. సూర్యుడు మాత్రం అందరికీ ఒక్కడే. ఖతర్‌లో పదింటికే మనిషికి ముప్పు అని ఒప్పుకున్న ఎండ, పక్క దేశంలో పన్నెండున్నర దాకా ముప్పు కాకుండా ఎలా పోతుంది? గడియారం చూసి కాకుండా ఉక్కనూ వేడినీ కొలిచి పని ఆపాలి. ఖతర్ 2021లో గంటలు పెంచినప్పుడే ఆ కొలతనూ నిబంధనల్లో చేర్చింది. మిగతావాళ్లు ఎందుకు చేయకూడదు?

ఎండకు పడిపోయి చనిపోయినవాడి కాగితంలో చాలాసార్లు గుండె ఆగి మరణం అని రాసి వదిలేస్తారు. పోస్టుమార్టం అరుదు. మన ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది చూడు, రెండేళ్లకు 275 రూపాయలు కడితే 10 లక్షలు ఇచ్చేది. అది ప్రమాదంలో చనిపోతేనో, శాశ్వతంగా వికలాంగులైతేనో వర్తిస్తుంది. గుండె ఆగితే ప్రమాదం కాదు. నలభై ఏళ్లు కూడా రాని మనిషి యాభై డిగ్రీల ఎండలో ఇనుప చువ్వలు కట్టి, రాత్రి పడుకుని లేవకపోతే అది సహజ మరణమంటే నేను ఒప్పుకోను. పని కోసం పంపిన దేశంలో పనిచేస్తూ పోయిన ప్రతి ప్రాణానికీ ఆ బీమా రావాలి.

*

కువైట్, నవంబర్ రెండో వారం

అక్కా,

ఖఫ్జీ దగ్గర సరిహద్దు దాటి వచ్చాను. మొదట మంగఫ్‌లో దిగాను. 2024 జూన్ 12 తెల్లవారుజామున ఇక్కడి ఒక బిల్డింగులో మంటలు లేచి 45 మంది భారతీయులు చనిపోయారు, నీకు యాదికుంటుంది. ఎక్కువమంది నిద్రలోంచి లేచి పొగకు ఊపిరాడక పోయారు. కేరళవాళ్లు ఎక్కువ, ఆంధ్రావాళ్లు ముగ్గురు. ఒక్క బిల్డింగులో రెండు వందలకు దగ్గరగా మనుషులను పెట్టారు. మంత్రులు వచ్చారు, వాయుసేన విమానంలో శవాలు పోయాయి. పేపర్లు రోజుల తరబడి రాశాయి. నేను అడిగేది మంటలకు ముందు సంగతి. ఒక గదిలో ఎన్ని మంచాలున్నాయో, మెట్ల దగ్గర దారి ఉందో లేదో చూడ్డానికి 45 మంది పోవాల్సిన అవసరం లేదు.

శుక్రవారం మాలియాకు పోయాను. కడప, రాజంపేట, రాయచోటి, కోనసీమ మనుషులు ఇక్కడ కలుస్తారు. రాజంపేట దగ్గరి ఒకామె ఊరికి పంపే సరుకులు కట్టించుకుంటోంది: పాలపొడి డబ్బాలు, సబ్బులు, కూతురికి చెప్పులు. అట్టపెట్టె మీద స్కెచ్ పెన్నుతో ఊరి పిన్‌కోడు ఒకటికి రెండుసార్లు రాయించింది. మాటల్లో అడిగాను, పాస్‌పోర్టు నీ దగ్గరే ఉందా అమ్మా అని. "మామ బీరువాలోనే ఉండాదన్నా. అడిగితే ఏడికి పోతావంటాది" అంది. మామ అంటే ఇంటి యజమానురాలు. ఇక్కడ ఇంటి పనివాళ్ల కోసం 2015లో 68వ చట్టం వచ్చింది. వారానికి ఒక రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించి పని వద్దు, ఏడాదికి జీతంతో 30 రోజుల సెలవు, పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు పెట్టుకోకూడదు. ఆమెకు శుక్రవారం సెలవు దొరకడం ఈ ఏడాదిలో ఇదే మొదలట. చట్టంలో అలా ఉందని నేను చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ కాయితం తెలుగులో ఉంటే ఒకటి ఇయ్యన్నా" అంది.

మన దగ్గర కువైట్ పోయిన ఆడవాళ్ల గురించి జనం అనే మాటలు నీకు తెలుసు. ఆమె పంపిన దినార్లతో ఇల్లు కట్టుకున్నవాళ్లే ఆమె నడవడి గురించి గుసగుసలాడతారు. వింటే ఒళ్లు మండుతుంది. నువ్వున్న చోట ఎవరైనా ఆ మాటంటే ఊరుకోకు.

30 ఏళ్లు నిండని, పదో తరగతి పాసవ్వని ఆడవాళ్లను ఇంటి పనికి పంపకూడదని మన ప్రభుత్వ నిబంధన. రక్షణ కోసమే పెట్టారు. కానీ అవసరం ఆగదు. ఏజెంట్లు విజిట్ వీసా మీద వేరే దేశం చుట్టి తెస్తారు. అలా వచ్చినవాళ్ల పేరు ఏ రికార్డులోనూ ఉండదు, ఆపద వస్తే వెతికేవాళ్లూ ఉండరు. గడప దగ్గర ఆపడం కన్నా, పోయేవాళ్లకు చట్టం చెప్పి, పేరు రాసుకుని, నెలకోసారి ఫోన్ చేసి కనుక్కోవడం మేలని నా అభిప్రాయం. కేరళ 1996లోనే ప్రవాసులకు ఒక శాఖ పెట్టింది. 2008లో సంక్షేమ నిధికి చట్టం చేసింది. నెలనెలా కొంత కట్టినవాళ్లకు అరవై దాటాక పెన్షన్ వస్తోంది. మనవాళ్ల దినార్లూ దిర్హమ్‌లూ వాళ్లవాటి కన్నా తక్కువ కష్టంతో రాలేదు కదా.

1983 నాటి వలస చట్టం స్థానంలో కొత్తది తేవాలని కేంద్రం ఈ అక్టోబర్‌లో ముసాయిదా పెట్టి అభిప్రాయాలడిగింది. అందులో చేర్చాలని నేను కోరేది ఒకటే. గల్ఫ్‌లో జీతం ఎగ్గొడితే మన దేశం నుంచి పంపిన ఏజెంటు జవాబుదారీ కావాలి, వాడి డిపాజిట్ సొమ్ములోంచి కార్మికుడికి ఇప్పించాలి. మన ఊళ్లో సర్పంచ్ ఎన్నికలు రేపో మాపో అంటున్నారు. ఓటడగడానికి వచ్చినవాళ్లతో గట్టిగా చెప్పు: పంచాయతీలో ఒక రిజిస్టర్ పెట్టాలి. ఎవరు, ఏ దేశం, ఏ కంపెనీ, ఏజెంటు ఎవరు, బేసిక్ ఎంత, ఇంటికి చివరిసారి జీతం ఎప్పుడొచ్చింది. మూడు నెలలు రాకపోతే పంచాయతీయే కలెక్టర్‌కు రాయాలి.

చిన్నోడు సౌదీకి పోతానని పట్టుబడుతున్నాడని బావ మెసేజ్ పెట్టాడు. పోవద్దని నేననను. ఏజెంటు లైసెన్సు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో ముందు చూడమను. వీసా మీద రాసిన పనేంటో, బేసిక్ ఎంతో ఫోటో తీసి నాకు పంపమను. నేను వచ్చేదాకా పాస్‌పోర్టు గానీ పైసలు గానీ ఎవరి చేతికీ ఇవ్వనీయకు. గురువారం తెల్లారి దిగుతాను. బావను ఎయిర్‌పోర్టుకు రావద్దను, జగిత్యాల బస్సెక్కి నేనే వస్తాను.

నీ తమ్ముడు