నల్లి బొక్క లేని మటన్

మా నాన్నకి స్టెంట్ వేశాక డాక్టరు గారు ఆదివారం మటన్ బంద్ చేయించారు. ఆయనకి స్టెంట్ కన్నా ఇదే పెద్ద దెబ్బ. సరే, కొడుకు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కదా, ఏదో ఒక వర్కరౌండ్ చూద్దామని మీల్ మేకర్‌తో మొదలెట్టా.

ఇది ఎలా తయారవుతుందంటే, సోయా గింజల్లోంచి నూనె తీసేశాక మిగిలిన పిండిని తడిపి, ఎక్స్‌ట్రూడర్‌లో వేడీ ఒత్తిడీ పెట్టి చిన్న కన్నంలోంచి బయటికి తోస్తారు. బయట పడగానే లోపలి నీరు ఆవిరై ముక్క పేలాల్లా పొంగుతుంది. ఎండు ముక్కల్లో సగం దాకా ప్రొటీనే. అంతా బానే ఉంది కానీ, చేతికొచ్చేది స్పాంజి. ముందే నీళ్ళు పీల్చేసుకుంటుంది, ఇక మసాలాకి చోటెక్కడ? పైగా ఆ పచ్చి వాసనొకటి.

ఉప్పునీళ్ళలో ఉడికించి, రెండుసార్లు కడిగి, గట్టిగా పిండి, పెరుగూ అల్లంవెల్లుల్లీ పట్టించి రాత్రంతా ఉంచా. మర్నాడు గోంగూరతో వండా. పులుపు దెబ్బకి వాసన పోయింది. నాన్న రెండు ముద్దలు తిని, "కూర మంచిగనే ఉంది గని, ముక్కలేవిరా?" అన్నారు.

ఇంపాజిబుల్ ఫుడ్స్ వాళ్ళు 2016లో బర్గర్ దింపారు. మాంసంలా ఎర్రగా ఉండాలని, సోయా వేళ్ళ బుడిపెల్లో దొరికే లెగ్‌హీమోగ్లోబిన్‌ని ఈస్టు చేత తయారు చేయించారు. గొప్ప బుర్రే, ఒప్పుకోవాలి. కానీ మనింట్లో ముక్క లోపల ఎర్రగా కనిపిస్తే కుక్కర్ మళ్ళీ పొయ్యి మీదకెక్కుతుంది! వాళ్ళ రిక్వైర్‌మెంట్ వేరు, మనది వేరు. మనకి కావలసింది పులుసులో ఎంతసేపు ఉడికినా మెత్తబడి పోకుండా, పీచులు పీచులుగా విడివడే ముక్క. తడి ఎక్కువ పెట్టి, చివర్లో చల్లబరిచే డైలోంచి తోస్తే పొంగకుండా అలాంటి పీచు కడుతుంది. అంటే సగం సమస్యకి దారి ఉన్నట్టే.

మిగతా సగం కొవ్వు. 2019లో వాళ్ళు తెచ్చిన సోయా బర్గర్‌లో ఒక్క ప్యాటీకి 8 గ్రాముల సాచురేటెడ్ ఫ్యాట్, ఎక్కువగా కొబ్బరినూనెది. అది నాన్నకి పెడితే డాక్టరు గారు నన్ను తంతారు. రుచి ఎక్కడుందో నిషేధమూ అక్కడే ఉంది మరి.

ఇక నల్లి బొక్క సంగతి ఏ ఎక్స్‌ట్రూడరూ తేల్చేది కాదు. పోయిన ఆదివారం నాన్న మీల్ మేకర్‌ని పళ్ళెం అంచుకి నెట్టేసి, అమ్మ చేసిన సాంబారులోని మునక్కాడని కళ్ళు మూసుకుని జుర్రుతున్నారు. ఈ వారం గోంగూర బదులు మునక్కాడలు తెచ్చా.