బాట యెవరిది?

మేము పాఠశాలలో పిల్లలకు ఆంగ్లమును సంస్కృతమును బోధించి కాలము గడపువారము. మోటారు బండ్లను గూర్చి గాని, వాని చట్టములను గూర్చి గాని వ్రాయుటకు మాకు గల యర్హత మిక్కిలి స్వల్పము. అయినను 2024 వ సంవత్సరపు వేసవి సెలవులలో మా కొక సంగతి యెదురైనది. దాని మొదటి భాగము పరదేశమున జరిగినది. రెండవ భాగము మా యింటనే జరిగినది. మొదటిదానిని మాత్రము చెప్పి రెండవదానిని దాచుకొందుమేని, చదువరులకు నీతులు చెప్పు నధికారము మాకుండదు. కావున రెండును చెప్పుచున్నాము.

మా అక్కగారి కుమారుడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున, డాలసు నగర ప్రాంతమున నుద్యోగము చేయుచున్నాడు. అతనియింట నెల దినములుండుటకై మేము పోయితిమి. ఒకనాటి సాయంకాలము అతడు కారు నడుపుచుండగా మేము ప్రక్కన కూర్చుండియుంటిమి. నాలుగు బాటలు కలియు కూడలిలో, మాకు పచ్చదీపము వెలుగుచుండగనే, ఎడమవైపునుండి యొక పాత కారు వచ్చి మా కారును కొట్టినది. మాకు నుదుట చిన్న గాయమైనది. మేనల్లుని మోకాటియెముక విఱిగినది.

ఆ కారునకు వెనుక పలక యున్నది. కాని దానిపై రాష్ట్రము పేరు లేదు. ప్రభుత్వమిచ్చిన యంకెలు లేవు. ఇది సొంతబండి యనియు, కిరాయిది కాదనియు, దీనికి లైసెన్సును బీమాయు నక్కఱలేదనియు నర్థమిచ్చు మాటలు చక్కని యక్షరములతో అచ్చొత్తబడి యున్నవి. పోలీసు ఉద్యోగి వచ్చి, లైసెన్సు చూపుమని మర్యాదగనే యడిగెను. లోపలి మనుష్యునకు అఱువదియేండ్లుండును. చేతులు వణకుచుండెను. ఆయన కారు అద్దమును రెండు వ్రేళ్ల వెడల్పు మాత్రమే దించి, ఆ సందునుండి కొన్ని కాగితములను బయటికి త్రోసెను. "నేను బండి నడుపుటలేదు, ప్రయాణము చేయుచున్నాను. మీ శాసనములు నడుపువారికే గాని ప్రయాణికులకు వర్తింపవు" అని మూడుమార్లు పలికెను. అంత బాధలోను మా మేనల్లుడు, "మామయ్యా, ఇట్టివారున్నారని విన్నాను, కన్నులార చూచుట యిదియే మొదలు" అనెను.

తుదకు ఆ యుద్యోగియు, తోడుగా వచ్చినవారును ఆయనను దింపి తీసికొనిపోయిరి. ఆయనకు బీమా లేదు. రాబట్టుకొనుటకు ఆస్తియు లేదని తరువాత తెలిసినది. మా మేనల్లుని వైద్యమునకైన వ్యయమును అతడు తనకై కట్టుకొనిన బీమాలనుండియే తెచ్చుకొనవలసివచ్చెను. అనగా, నియమముగా సొమ్ము కట్టువారందఱును గలిసి, కట్టనొల్లని యొకని యప్పును తీర్చిరన్నమాట.

మేనల్లుని మంచమునొద్ద కూర్చున్న దినములలో మేము వీరిని గూర్చి కొంత చదివితిమి. వీరిని అచ్చట "సావరిన్ సిటిజను"లందురు. సార్వభౌమ పౌరులని యర్థము. 1970 వ సంవత్సర ప్రాంతమున "పాసీ కొమిటాటసు" అను లాటిను పేరుతో నొక యుద్యమము పుట్టినది. జిల్లా షెరీఫునకు మించిన న్యాయమైన యధికారి లేడనుట వారి సిద్ధాంతము. నల్లవారియెడలను యూదులయెడలను ద్వేషము దానికి పెట్టుబడి. 1980 తరువాత అమెరికా రైతులు అప్పులలో మునిగి, వారి పొలములు వేలమునకు వచ్చినప్పుడు, ఈ వాదము పల్లెలలో వ్యాపించినది. ఇంతకన్న వింత యేమనగా, తరువాతి కాలమున నల్లవారిలోనే కొందఱు తాము మూరుజాతివారమని చెప్పుకొనుచు, తమను ద్వేషించినవారు అల్లిన యీ వాదమునే చేపట్టిరి.

వీరి నమ్మకములు వినదగినవి. 1933 లో ప్రభుత్వము బంగారు నాణెముల చెలామణిని నిలిపినప్పుడు తన పౌరులనే అప్పులకు తాకట్టుపెట్టినదట. ప్రభుత్వ పత్రములలో పెద్దయక్షరములతో వ్రాయబడిన పేరు మనుష్యునిది కాదట. ప్రభుత్వము కల్పించిన గడ్డిబొమ్మదట. న్యాయస్థానములోని జెండాకు బంగారు అంచున్నయెడల అది సముద్రపు వ్యవహారముల కోర్టగునట. ఇక "డ్రైవరు" అను మాటకు కూలికి బండి తోలువాడని మాత్రమే యర్థమట; కావున తన పనిమీద తాను పోవువాడు డ్రైవరు కాడట.

మా తర్కశాస్త్రమున దీనికి చాల కాలము క్రిందటనే పేరు పెట్టిరి. ఎదుటివాడు ఒక యర్థమున వాడిన మాటకు వేఱొక యర్థమును కల్పించి ఖండించుటను వాక్ఛలమందురు. ఒకడు నవకంబళము కప్పుకొన్నాడనగా, క్రొత్త కంబళి యని చెప్పినవాని యభిప్రాయము. "తొమ్మిది కంబళు లెక్కడ? ఒక్కటియే గదా" యని వాదించువాడు ఛలవాది. మేము తరగతిలో దీనిని చెప్పినప్పుడెల్ల పిల్లలు నవ్వుదురు. నాటి సాయంకాలము నవ్వుటకు మాకు మనసొప్పలేదు.

న్యాయస్థానము లీ వాదములను వినలేదా యనిన, పలుమార్లు వినినవి, వినినప్పుడెల్ల త్రోసివైచినవి. బండ్లను నమోదు చేయుమనియు, నడుపువారు లైసెన్సు పొందవలయుననియు శాసించు నధికారము రాష్ట్రములకు కలదని అమెరికా సుప్రీము కోర్టు 1915 లోనే, మేరీలాండు రాష్ట్రముపై హెండ్రిక్కు అను నాతడు తెచ్చిన వ్యాజ్యమున తీర్పు చెప్పినది. కెనడాలో ఆల్బర్టా రాష్ట్రపు న్యాయాధిపతి రూక్ గారు 2012 లో నొక దీర్ఘమైన తీర్పు వ్రాసి, ఈ వాదముల నన్నిటిని ఒక్కొక్కటిగా విప్పిచూపి, వీనిని సొమ్ము పుచ్చుకొని నేర్పు గురువులను గట్టిగా మందలించిరి. అవును, ఈ మతమునకును గురువులున్నారు. వారు మంత్రములమ్ముదురు. ఎఱ్ఱసిరాతో వేలిముద్ర వేయుమందురు. పేరునడుమ నొక విరామచిహ్నము నుంచుమందురు. ఈ మాట పలికిన పోలీసు తొలగిపోవునందురు. మంత్రము ఫలింపనప్పుడు చెఱసాలకు పోవువాడు శిష్యుడు.

అయినను వీరిని వెఱ్ఱివారని తీసివేయుట న్యాయము కాదు. మిసోరీ రాష్ట్రములోని ఫెర్గుసను పట్టణమున పోలీసులును పురపాలక న్యాయస్థానమును బీదల నుండి జరిమానాలు పిండి పట్టణపు రాబడిని పెంచుకొనుచుండిరని, 2015 లో అమెరికా న్యాయశాఖయే విచారించి ప్రకటించినది. జరిమానా కట్టలేనివాని లైసెన్సును నిలిపివేయుట పెక్కు రాష్ట్రములలో నుండిన యాచారము. లైసెన్సు పోయిన పనికి పోజాలడు. పనికి పోనిది జరిమానా కట్టజాలడు. ఇట్టి సుడిలో చిక్కినవానికి చట్టపు భాషయే యొక మంత్రభాషగ తోచును. తనమీద ప్రయోగింపబడిన మంత్రమునకు ప్రతిమంత్రము కలదని యెవడైన చెప్పిన, నమ్ముటలో వింత యేమి? ఆ వృద్ధుని చేతులు వణకుట మాకిప్పటికిని కన్నుల గట్టినట్లున్నది.

కాని యీ త్రోవ యెచ్చటికి పోవునో కూడ చెప్పవలయును. 1995 లో ఓక్లహోమా నగరమున 168 మందిని చంపిన విస్ఫోటపు కుట్రలో పాల్గొనిన టెర్రీ నికొల్సు, అంతకు ముందే తన పౌరత్వమును త్యజించితినని వ్రాసియిచ్చినవాడు. ప్రధాన దోషి యగు మెక్‌వే, తొంబది నిమిషములు గడచిన పిమ్మట, కారునకు నెంబరు పలక లేదను కారణముచేతనే రహదారిమీద పట్టుపడెను. 2010 మే నెలలో ఆర్కన్సా రాష్ట్రపు వెస్టు మెంఫిసు పట్టణమునొద్ద, ఇద్దఱు పోలీసు ఉద్యోగులు ఒక బండిని ఆపినందుకే కాల్చి చంపబడిరి. ఆ బండిలోనివారు తండ్రికొడుకులు. తండ్రి అప్పులనుండి విడుదలయగు మంత్రములను ఊరూర బోధించుచు తిరుగువాడు. కుమారునకు పదునాఱేండ్లు. ఆ దినముననే యిద్దఱును పోలీసుల కాల్పులలో మడిసిరి. ఈ సంగతి చదివిననాడు మాకు నిద్ర పట్టలేదు. పదునాఱేండ్ల బాలునకు సొంత సిద్ధాంతమెక్కడిది? తండ్రి చూపిన త్రోవనే వాడు పోయెను.

ప్రభుత్వమును ధిక్కరించుట యెల్లప్పుడును పాపమని మేము చెప్పుటలేదు. అట్లు చెప్పువాడు మన చరిత్ర నెఱుగనివాడు. 1908 ఆగస్టు 16 వ తేదీన జొహాన్నెసుబర్గు నగరపు మసీదు ముంగిట, గాంధీగారి నాయకత్వమున భారతీయులు రెండువేలకు పైబడిన రిజిస్ట్రేషను పత్రములను మంటలో వేసిరి. అదియు నమోదు ధిక్కారమే. కాని వారు తమ పేరులను దాచుకొనలేదు. పట్టుకొనుడని చేతులు చాచిరి. 1921 లో మన చీరాల పేరాల ప్రజలు పురపాలక సంఘము మాకు వలదనిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట, ఇండ్లు వాకిండ్లు విడిచి, ఊరి పొలిమేరను దాటి, రామనగరమను పేర పాకలు వేసికొని, సుమారు పదునొకండు నెలలు ఎండకు వానకు నోర్చిరి. పన్ను వలదన్నవారు ఆ పన్నుతో వేసిన వీధిని గూడ వలదనిరి. ధిక్కారమునకు అదియే గీటురాయి. బాట కావలయును, దీపము కావలయును, ఎదుటివాడు దీపము చూచి ఆగవలయును. తాను మాత్రము ఎవరికిని జవాబుదారి కారాదు అనువాడు సార్వభౌముడు కాడు. అందఱి సొమ్మును తిని లెక్క చెప్పనివాడు.

నెంబరు పలక పుట్టుకయే యీ జవాబుదారితనము కొఱకు. 1901 లో న్యూయార్కు రాష్ట్రము మొదట బండ్లను నమోదు చేయించినప్పుడు, పలకలను ప్రభుత్వ మీయలేదు. ఎవరికి వారే తోలుమీదనో చెక్కమీదనో తమ పేరుల పొడియక్షరములను వ్రాసి తగిలించుకొనిరి. 1903 లో మసాచుసెట్సు తానే పలకలనిచ్చు నాచారమును తెచ్చినది. పొడియక్షరములైనను అంకెలైనను దాని యర్థమొక్కటే: నావలన నీకు హాని కలిగిన, నేనెవడనో నీవు తెలిసికొనవచ్చును.

ఇట్టి యాలోచనలతో మేము స్వదేశమునకు వచ్చితిమి. వచ్చిన వారమునకు, ఆదివారము ప్రొద్దున, వాకిట బండి కడుగుచుండ వెనుక పలకపై నొక నల్లని పట్టీముక్క చేతికి తగిలినది. గోటితో గీకితిమి. క్రిందనున్న మూడంకె బయటపడినది. ఆ చిన్న ముక్క దానిని ఎనిమిదిగ చేసినది. బండి మా పేరిటిది; నడుపువాడు మా కుమారుడు.

వానిని పిలిచి యడిగితిమి. వాడు అబద్ధమాడలేదు. "కూడళ్లలోని కెమెరాలు చలానాలు పంపుచున్నవి, నాన్నగారూ. గుంతలు పూడ్చనివారికి జరిమానా అడుగు హక్కెక్కడిది? మా కళాశాలలో సగముమంది యిట్లే చేయుచున్నారు" అనెను. ఆ యెనిమిదంకె గల నెంబరు వేఱొకరిది కాదా యని యడిగితిమి. అట్టి యాలోచనయే వానికి కలుగలేదు. ఆ నెంబరుమీద వచ్చిన చలానాలను చూచితిమి. నాలుగున్నవి. అందు మూడింటి ఛాయాచిత్రములలో మా బండియే యున్నది. ఒకదానిలో వెనుక కూర్చున్నవారము మేమే.

మేము కోపముతో నేదియో యనబోవుచుండగా వాడు నెమ్మదిగ, "మీరు మాత్రము శిరస్త్రాణము లేక బడికి పోవుచు, కెమెరా యున్న కూడలి రాగానే సందులోనికి త్రిప్పుమందురు గదా, నాన్నగారూ" అనెను. మాకు మాట రాలేదు. అది నిజము. వాని పట్టీముక్కకును మా సందుత్రోవకును భేదమెంత? మేము ఛలమును నేర్పితిమి. వాడు దానిని పలకమీద నతికించెను.

మఱునాడు పోలీసుల కార్యాలయమునకు పోవుదమంటిమి. మా యిల్లాలు అడ్డుపడినది. "ఆ ముక్క తీసివేసిరి గదా, చాలదా? కేసు వ్రాసికొనిన వాని యుద్యోగమేమగును? కన్నకొడుకును మీరే పట్టియిత్తురా?" అని కంట నీరు పెట్టుకొనినది. ఆమె భయము అకారణము కాదు. ఆ రాత్రి మేమును జంకితిమి. కాని మా మేనల్లుడు కఱ్ఱ యూతతో నడచుట తలపునకు వచ్చినది. ఎవరో తన పలకను దాచుకొనినందుకు వాడు బాధపడెను. మన మింకెవరి పలకనో వాడుకొనినందుకు బాధపడువాడు ఎచ్చటనో యున్నాడు. ప్రొద్దున కుమారుడే, "పోవుదము, నాన్నగారూ" అనెను.

అచ్చటి యధికారి మా మాటలు విని కొంతసేపు మా మొగములవంక చూచెను. ఇది నేరమనియు, కేసు పెట్టవచ్చుననియు స్పష్టముగ చెప్పెను. పిదప మా వ్రాతపూర్వకమైన యొప్పుదలను తీసికొని, ఆ మూడు చలానాలను మా నెంబరునకు మార్పించి, పలకను మార్చినందుకు వేఱుగ జరిమానా వేసి, మఱొకమారు జరిగిన ఉపేక్షింపనని హెచ్చరించి పంపెను. సొమ్ము మేము కట్టలేదు. మా కుమారుడు సాయంకాలములు పిల్లలకు లెక్కలు చెప్పి, మూడు నెలలలో తీర్చెను. మేమొక శిరస్త్రాణము కొనుక్కొంటిమి. గుంతలను గూర్చి పురపాలక సంఘమునకు పేరు వ్రాసి, సంతకము చేసి యర్జీ పంపితిమి. అందు కొన్ని పూడ్చబడినవి, కొన్ని యట్లే యున్నవి.

ఎనిమిదంకె గల యా బండి యజమానుడెవరో మాకు తెలియదు. ఆ మూడు చలానాలను చూచి ఆయన యెంత కలత చెందెనో, ఎవరిని నిందించెనో మాకు తెలియదు. ఈ పత్రికను చదువువారిలో ఆయన యున్నయెడల, ఆ దోషము మాదియని యెఱిగి మన్నింప వేడుచున్నాము.